పరీక్షకు ప్రాణము పోలిక: జన్యుమార్పిడి మొక్కజొన్నపై ఒక విమర్శ

నల్లమల కొండల చెంతనున్న మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాలు ప్రధానంగా మెట్టసేద్యపు సీమలు. ఇక్కడ మనిషి తిండికీ, పశువు మేతకూ నడుమ గట్టి గోడ లేదు. మొక్కజొన్న గింజ కోళ్ల దాణాకు పోతుంది, చొప్ప పశువులకు మేతవుతుంది. పత్తిగింజ నూనె మనిషికీ, చెక్క గేదెకూ చేరుతాయి. పత్తి తీసిన చేలో గొర్రెలు దిగుతాయి. కనుక ఒక కొత్త పంట నిరపాయకరమని శాస్త్రజ్ఞులు చెప్పినప్పుడు, ఆ మాట దేనిమీద నిలిచి ఉన్నదో విద్యార్థులు విచారించడం అవసరం.

బాసిల్లస్ తురింజియెన్సిస్ అనేది నేలలో ఉండే ఒక బాక్టీరియా. దాని జన్యువును మొక్కజొన్నలో చేర్చితే, కాండం తొలిచే పురుగును చంపే మాంసకృత్తిని మొక్కే తయారుచేసుకొంటుంది. పురుగు పేగులోని క్షారగుణం ఆ కృత్తికి అనుకూలం. మనిషి కడుపులో ఉండేది ఆమ్లం. పైగా పురుగు పేగులో ఆ కృత్తి పట్టుకొనే స్థానాలు మనిషి పేగులో లేవు. ఈ తర్కం బలమైనదే అయినా, పరీక్ష చేయక తప్పదు.

ఆ పరీక్షకు మూలసూత్రం పోలిక. మార్పు చేసిన పంటను, మార్పు చేయని దాని తోబుట్టువు పంటతో పోల్చి చూస్తారు. పోషకాలను కొలుస్తారు. కొత్త కృత్తి కృత్రిమ జఠరరసంలో ఎంతసేపటికి జీర్ణమవుతుందో చూస్తారు. దాని నిర్మాణం తెలిసిన ఎలర్జీ కారకాలను పోలి ఉన్నదా అని పరిశీలిస్తారు. గింజను ఎలుకలకు 90 రోజులు, కోడిపిల్లలకు 42 రోజులు మేపుతారు. 2003లో అంతర్జాతీయ ఆహార ప్రమాణాల సంస్థ కోడెక్స్, 2008లో భారత వైద్య పరిశోధన మండలి ఈ ధోరణిలోనే మార్గదర్శకాలను వెలువరించినవి.

ఈ పద్ధతి విలువను అమెరికాలో 2000లో జరిగిన స్టార్‌లింక్ వ్యవహారం చూపుతుంది. ఆ మొక్కజొన్నలోని కృత్తి తొందరగా జీర్ణం కాదని పరీక్షలో తేలినందున, దానిని పశువుల మేతకు మాత్రమే అనుమతించారు. అయినా అది మనుషులు తినే రొట్టెలలో కనబడింది. తమకు ఎలర్జీ కలిగినదన్న 28 మంది రక్తాన్ని పరీక్షించగా, ఆ కృత్తికి ప్రతిగా పుట్టే పదార్థాలు ఎవరిలోనూ దొరకలేదు. పరీక్ష ముందుగానే హెచ్చరించినది. మేతను, తిండిని వేరుగా ఉంచగలమన్న ఊహ తప్పినది. పత్తిగింజ నుండి నూనె, చెక్క రెండూ వచ్చే చోట అటువంటి ఊహకు తావే లేదు.

పోలిక చెడితే ఏమవుతుందో 2012లో ఫ్రాన్సులో సెరాలినీ బృందం ప్రచురించిన ప్రయోగం తెలుపుతుంది. కలుపుమందును తట్టుకొనే ఎన్‌కె603 మొక్కజొన్న తిన్న ఎలుకలకు కణుతులు ఎక్కువయినవని వారన్నారు. కాని ఒక్కొక్క జట్టులో ఆడవి పది, మగవి పది మాత్రమే. పైగా ఆ జాతి ఎలుకలకు రెండేండ్ల వయసుకు కణుతులు సహజంగానే ఎక్కువ. ఇంత చిన్న జట్లలో కాకతాళీయాన్ని కారణం నుండి విడదీయడం అసాధ్యం. పత్రిక 2013లో ఆ వ్యాసాన్ని ఉపసంహరించింది. 2014లో అది మరొక పత్రికలో వచ్చింది. తరువాత ఐరోపా సమాఖ్య ధనసహాయంతో, ఎక్కువ ఎలుకలతో జరిపిన రెండేండ్ల ప్రయోగంలో హాని కనబడలేదని 2019లో వెల్లడైనది.

అట్లని రెండవ పక్షం దోషరహితం కాదు. మాన్‌863 అనే మొక్కజొన్నపై కంపెనీ చేయించిన 90 రోజుల ప్రయోగపు పూర్తి వివరాలు, 2005లో జర్మనీ న్యాయస్థానం ఆదేశించిన తరువాతనే బయటికి వచ్చినవి. అంకెలను దాచిన పోలికను ఎవరు సరిచూడగలరు?

భారతదేశంలో మొక్కజొన్నకు ఇట్టి సాగు అనుమతి లేదు. పొలాలలో అనుమతితో ఉన్నది 2002 నుండి బీటీ పత్తి ఒక్కటే. కాబట్టి తెలుగునాట అనుభవం దానినుండే తీసుకోవాలి. 2006లో వరంగల్ జిల్లాలో బీటీ పత్తిచేలు మేసిన గొర్రెలు చనిపోయినవని కాపరులు, స్వచ్ఛంద సంస్థలు చెప్పారు. జన్యు ఇంజనీరింగు అనుమతుల సంఘం విచారించి, నైట్రేట్లు, హైడ్రోసయనిక్ ఆమ్లం, పురుగుమందుల అవశేషాలు కారణం కావచ్చుననీ, బీటీ కృత్తి కారణం కాదనీ అభిప్రాయపడింది.

ఆ కారణాలు నమ్మదగినవే. జొన్న నాము మేసిన పశువు హైడ్రోసయనిక్ ఆమ్లంతో చనిపోతుందని రైతులకు తరతరాలుగా తెలుసు. వానలు తప్పినప్పుడు పైరులో నైట్రేట్లు పేరుకొంటాయి. పత్తిగింజలో గాసిపాల్ అనే విషం సహజంగానే ఉన్నది. పశ్చిమ ప్రకాశంలో బోరునీటి ఫ్లోరైడు వీటికి తోడవుతుంది. అయితే ఇన్ని కారణాలు కలగలసిన చోట, ఒకదానిని తేల్చడానికీ, మరొకదానిని తోసిపుచ్చడానికీ ఒకే విధమైన సాక్ష్యం కావాలి. అదే ఊళ్లో, అదే నీరు తాగి, మామూలు పత్తిని మేసిన గొర్రెల మంద పక్కన ఉంటేనే తీర్పు గట్టిదవుతుంది. ఎలుకకు పెట్టేది గింజ. గొర్రె మేసేది ఆకు, లేతకాయ, వాటిపై మిగిలిన మందు.

రేపు మొక్కజొన్నకు అనుమతి కోరేవారిని ఇవే అడగాలి. మెట్టపొలంలో, కరువు సంవత్సరంలో పెరిగిన పైరును పరీక్షించారా? ఆకునూ చొప్పనూ మేపి చూశారా? అంకెలను అందరి ముందు పెట్టారా? పశువు చనిపోతే ఆ రోజే మేతనూ, కాలేయాన్నీ, పొట్టలోని పదార్థాన్నీ సేకరించి ప్రయోగశాలకు పంపే ఏర్పాటు ఉన్నదా? గొర్రెల మందయే ఆస్తిగా బ్రతికే కాపరికి ఈ నాలుగవ ప్రశ్నే మొదటిది. మేకలను, గొర్రెలను పూడ్చిన తరువాత ఏ శాస్త్రమూ జవాబు చెప్పలేదు.