పై రూమ్‌లో కెమిస్ట్

సంగారెడ్డి జిల్లా గడ్డపోతారంలో డిగ్రీ చదివే పిల్లల్ని "మీ ఇంటి మీంచి కనిపించే ఫ్యాక్టరీలో ఏం తయారవుతుంది?" అని అడగండి. "మందులు సార్" అంటారు. ఏం మందులు? "గోలీలు." నిజానికి ఇక్కడి ప్లాంట్లలో చాలావాటి నుంచి గోలీలు రావు. గోలీలో పడే అసలు మందు, అంటే బల్క్ డ్రగ్, పొడి రూపంలో డ్రమ్ముల్లో బయటికొస్తుంది. అది గోలీ అయ్యేది ఇంకెక్కడో. పుట్టినప్పటి నుంచి ఆ సైరన్ వింటూ, ఆ ఘాటు పీలుస్తూ, కంపెనీ బస్సులకు దారిస్తూ పెరిగిన పిల్లలకు గోడ లోపలి సంగతి తెలియదు. చెప్పాలని కూడా ఎవరికీ తోచలేదు.

శనివారాలు ఇటువైపు పిల్లలకు ఉద్యోగం వెతుక్కోవడం నేర్పడం నా పని. కాగితం మీద దాని పేరు కెరీర్ గైడెన్స్. ఆ పేరుతో జరిగే క్లాసులు మీరూ చూసే ఉంటారు. ప్రొజెక్టర్ మీద కలాం గారి ఫొటో, కలలు కనమనే మాట, చివర్లో "ఐదేళ్ల తర్వాత మిమ్మల్ని మీరు ఎక్కడ చూసుకుంటున్నారు?" అనే ప్రశ్న. వచ్చే నెల చిట్టీ ఎట్లా కట్టాలా అని ఇంట్లో గుంజాటన పడుతుంటే పిల్లాడు ఐదేళ్ల ప్రశ్నకు ఏం చెబుతాడు? మర్యాదకి "మేనేజర్ సార్" అంటాడు. దేన్ని మేనేజ్ చేస్తాడో వాడికీ తెలియదు, అడిగినవాళ్లకీ పట్టదు.

ఈ విద్యకు ఆద్యుడని చెప్పుకునే ఫ్రాంక్ పార్సన్స్ 1908లో బోస్టన్‌లో వొకేషన్ బ్యూరో తెరిచాడు. ఆ బ్యూరో ఉన్నది వలస కుటుంబాలు కిక్కిరిసిన పేటలో. ఆ ఏడాదే ఆయన పోయాడు, పుస్తకం 1909లో వచ్చింది. అందులో చెప్పిన సూత్రం చాలా చిన్నది: నీ సంగతి తెలుసుకో, పనుల సంగతి తెలుసుకో, రెండూ కలిపి ఆలోచించు. నూరేళ్లు దాటినా మన క్లాసులు ఆ మొదటి ముక్క చుట్టూనే తిరుగుతున్నాయి. పర్సనాలిటీ టెస్టులు, బలాలూ బలహీనతల పట్టికలూ అన్నీ అవే. రెండో ముక్కను ఎవరూ ముట్టుకోరు. గడ్డపోతారంలో ఆ రెండో ముక్క రోడ్డు దాటితే చాలు, ఎదురుగానే ఉంది.

అందుకే నా మొదటి క్లాసులో రెజ్యూమె ఊసుండదు. బోర్డు మీద ఒక ప్లాంటు గీస్తాం. ముడిసరుకు డ్రమ్ము లారీ దిగుతుంది. వేర్‌హౌస్‌లో దాన్ని ఎవరో లెక్క రాసుకుంటారు. శాంపిల్ తీసి క్వాలిటీ కంట్రోల్ ల్యాబ్‌కు పంపుతారు. అక్కడ పాసైతేనే ప్రొడక్షన్‌కు. రియాక్టర్, సెంట్రిఫ్యూజ్, డ్రయ్యర్, మళ్లీ ల్యాబ్. పక్కన బాయిలర్, మెయింటెనెన్స్, చివర మురుగు నీటిని శుద్ధి చేసే ఈటీపీ. వీటన్నిటి కాగితాలూ సరిచూసి సంతకం పెట్టే క్వాలిటీ అస్యూరెన్స్. ఒక్కో గడిలో ఏ చదువు వాళ్లుంటారో రాస్తాం. ఐటీఐ ఫిట్టర్ ఎక్కడ, అటెండెంట్ ఆపరేటర్ ట్రేడ్ చేసినవాడు ఎక్కడ, బీయస్సీ ఎక్కడ, బీఫార్మసీ ఎక్కడ. స్టీలు రియాక్టర్ ఉండగా లోపల గాజు పూత వేసిన రియాక్టర్ ఎందుకు అంటే క్లాసు మౌనం. యాసిడ్ స్టీలును తినేస్తుంది, గాజును అంత తేలిగ్గా తినలేదు అని చెప్పగానే వెనక బెంచీ నుంచి ఒకడు, "అంటే మనం చదివిందేనా సార్?" అన్నాడు. మనం చదివిందే. ప్రొడక్షన్ ఇంటర్వ్యూల్లో అడిగేదీ ఇలాంటిదే.

రెజ్యూమె రెండో వారం. బొల్లారం వైపు ఏ జిరాక్స్ షాపుకెళ్లినా అరగంటలో చేసిస్తారు, అందరికీ ఒకటే ఫార్మాట్. పైన 'పేరున్న సంస్థలో సవాళ్లతో కూడిన ఉద్యోగం' అనే ఇంగ్లీషు వాక్యం, మధ్యలో హార్డ్ వర్కర్, క్విక్ లెర్నర్, హాబీల్లో క్రికెట్, అడుగున డిక్లరేషన్. ఒకమ్మాయి కాగితం కింద డిక్లరేషన్‌లో వేరే అబ్బాయి పేరుంది. షాపతను మార్చడం మరిచిపోయాడు, ఈ అమ్మాయి చదవలేదు. అప్పటికే రెండు వాక్-ఇన్లలో ఇచ్చొచ్చింది.

ఆ కాగితంలో నీ గురించి తప్ప ఇంకెవరి గురించీ చెప్పలేని లైన్లకు సున్నా చుట్టమన్నాను. పేరు, ఫోన్ నంబరు, మార్కులు మిగిలాయి. "ల్యాబ్‌ల టైట్రేషన్ చేసినవా?" "చేసిన సార్." "సరిగ్గొచ్చిందా?" "ఫస్ట్ ఫస్ట్ రాలే. పింకు ఎక్కువైపోయేది." ఫినాఫ్తలీన్ వేసినప్పుడు లేత గులాబీ రంగు నిలబడిన చుక్క దగ్గరే బ్యూరెట్ ఆపాలి. ముదురు గులాబీ అయిందంటే చెయ్యి దాటినట్టే. ఆ ఒక్క చుక్క దగ్గర ఆగడం ఎలా నేర్చుకుందో, మూడు రీడింగులు ఒకేలా ఎప్పుడు వచ్చాయో చెప్పింది. రెండు వాక్యాల్లో అదే రాయించాను. క్వాలిటీ కంట్రోల్ ఇంటర్వ్యూలో మొలారిటీకీ నార్మాలిటీకీ తేడా అడుగుతారు. బట్టీ పట్టి వచ్చినవాళ్లు అరడజను మంది ఉండొచ్చు. పింకు ఎక్కువైన కథ చెప్పగలిగింది ఆ అమ్మాయే.

ఇంకొక నియమం, నా క్లాసులో వైట్‌నర్ నిషేధం. ఇది ఫార్మా కంపెనీల నుంచే తెచ్చుకున్నాను. అక్కడ బ్యాచ్ రికార్డులో అంకె తప్పు రాస్తే చెరిపేయకూడదు, దిద్దకూడదు. పాత అంకె కనబడేలా ఒక్క గీత కొట్టి, పక్కన సరైనది రాసి, సంతకం, తేదీ వేయాలి. అమెరికా ఎఫ్‌డీఏ వాళ్లు తనిఖీకొస్తే చూసేవాటిలో ఇదొకటి. పిల్లలు రెజ్యూమెలో చేసే అతి పెద్ద వైట్‌నర్ పని ఖాళీ సంవత్సరం. ఇంటర్ అయ్యాక ఒకడు ఏడాది చదవలేదు. దాన్ని కప్పెట్టడానికి ఏదో కంప్యూటర్ కోర్సు పేరు రాసుకొచ్చాడు. ఆ కోర్సు గురించి ఒక్క ప్రశ్న వేస్తే నీళ్లు నమిలాడు. "నిజంగ ఏం చేసినవ్ రా ఆ ఏడాది?" "నాయినకు కాలు విరిగింది సార్. ఆయన ఆటో నేనే నడిపిన." ఇందులో దాచుకోవాల్సిందేముంది? గీత కొట్టి ఆ ముక్కే రాయమన్నాను.

పిల్లల నోట తరచూ వినిపించే ఫిర్యాదు ఒకటుంది: "లోకల్‌వాళ్లకు ఇయ్యరు సార్." పూర్తిగా కొట్టిపారేయలేను. లోడింగ్, ప్యాకింగ్ పనుల్లో ఒడిశా, బిహార్ కూలీలు, ల్యాబుల్లో శ్రీకాకుళం, విజయనగరం నుంచొచ్చిన కెమిస్టులు ఈ బెల్టంతా కనిపిస్తారు. ఊరివాడైతే పండగకీ పబ్బానికీ సెలవు పెడతాడని, నలుగుర్ని పోగేసుకొస్తాడని కాంట్రాక్టర్లకు ఒక లెక్క ఉంది. కానీ ఆ శ్రీకాకుళం వాళ్లకు ఖాళీల కబురు ముందే అందుతుంది, మనవాళ్లకు అందదు. ఎందుకు?

దానికోసం ఒక హోంవర్క్ ఇచ్చాను. కంపెనీలో పనిచేసే ఒక మనిషితో పావుగంట మాట్లాడిరావాలి. ఉద్యోగం ఇప్పించమని అడగకూడదు. పొద్దున లోపలికెళ్లాక మొదట ఏం చేస్తారు, ఈ పనికి ఎట్లా వచ్చారు, కొత్తగా చేరినవాళ్లు ఎక్కడ తప్పు చేస్తారు, ఇవీ ప్రశ్నలు. ఒకమ్మాయి చేతులు కట్టుకుని, "నాకెవరు తెల్వదు సార్" అంది. వాళ్లది రెండంతస్తుల ఇల్లు. పై రూములు ఎవరికిచ్చారంటే, "కంపెనీలోల్లకే."

తరువాతి వారం ఆ అమ్మాయి నోట్సు చూస్తే మూడు పేజీలు. పై రూమ్‌లో కిరాయికుండే అక్క ఒక బల్క్ డ్రగ్ కంపెనీలో క్వాలిటీ కంట్రోల్ కెమిస్టు, శ్రీకాకుళం జిల్లా. ఇన్నాళ్లూ వీళ్ల మధ్య మాటలు కరెంటు బిల్లు, నీళ్ల మోటారు వరకే. "ఏటి, నువ్వూ కెమిస్ట్రీయేనా?" అని ఆవిడ ఆశ్చర్యపోయిందట. శాంపిల్‌లో ఏది ఎంతుందో లెక్క తేల్చే హెచ్‌పీఎల్‌సీ మెషీన్ ఎలా పనిచేస్తుందో ఫోన్లో వీడియో పెట్టి చూపించింది. శాంపిల్ తూచేటప్పుడు తలుపు మూయకపోయినా, ఫ్యాను ఆపకపోయినా అంకె నిలవదని చెప్పింది. తమ ల్యాబ్‌లో ఫ్రెషర్లను ఏ నెలల్లో తీసుకుంటారో కూడా చెప్పింది. ఆ కబురు ఏ వెబ్‌సైటులోనూ లేదు, ఈ ఇంటి మెట్ల మీద ఉంది.

అమెరికా సోషియాలజిస్టు మార్క్ గ్రానోవెటర్ 1973లో రాసిన వ్యాసం ఈ సంగతే చెబుతుంది. మసాచుసెట్స్‌లోని న్యూటన్‌లో, తెలిసినవాళ్ల ద్వారా ఉద్యోగం మారినవాళ్లను ఆ తెలిసినవాళ్లను ఎంత తరచుగా కలిసేవారని అడిగాడు. వారానికి కనీసం రెండుసార్లు కలిసేవాళ్ల ద్వారా దొరికింది ఆరుగురిలో ఒక్కరికే. మిగతావాళ్లకు అంతకంటే అరుదుగా కలిసేవాళ్ల నుంచే కబురందింది. దగ్గరివాళ్లకు తెలిసింది మనకూ తెలిసే ఉంటుంది, కొత్త కబురు కాస్త దూరపువాళ్ల దగ్గరే ఉంటుందన్నది ఆయన వాదన. గడ్డపోతారంలో ఆ దూరపువాళ్లు మన పై రూముల్లోనే ఉన్నారు. కిరాయి తీసుకుని రసీదు ఇస్తాం, అంతటితో సరి.

అందరి హోంవర్కూ ఇంత తియ్యగా ఉండదు. ఒకబ్బాయి వాళ్ల నాన్ననే అడిగాడు. ఏళ్ల తరబడి ఒకే గేటులోంచి వెళ్లివస్తున్న మనిషి. ఏ కంపెనీ అంటే కంపెనీ పేరే చెప్పాడు. జీతం కాగితం తెమ్మంటే దాని మీద కాంట్రాక్టర్ పేరుంది, అది కూడా మధ్యలో రెండుసార్లు మారింది. పీఎఫ్ ఉందో లేదో ఆయనకు తెలియదు. అప్పటి నుంచి జీతం కాగితం చదవడం నా పాఠంలో చేరింది. కంపెనీ రోలా, కాంట్రాక్ట్ రోలా? పీఎఫ్ ఖాతాకిచ్చే యూఏఎన్ నంబరు వచ్చిందా? పద్దెనిమిది వేల జీతమన్నారనుకోండి, బేసిక్ 12,000. పీఎఫ్ 12 శాతం అంటే 1,440 పోతుంది. జీతం 21,000 లోపు కాబట్టి ఈఎస్ఐ 0.75 శాతం, 135. తెలంగాణలో ఆ జీతానికి ప్రొఫెషనల్ ట్యాక్స్ 150. చేతికొచ్చేది 16,275. ఈ లెక్క తెలిసిన పిల్లాడు 'ప్యాకేజీ' అనే మాటకు పడిపోడు. ఓటీ చేస్తే రెట్టింపు కట్టాలని చట్టం. "ఎవరిస్తరు సార్?" అని నవ్వుతారు. ఎవరివ్వాలో తెలిస్తే కదా ఎవరివ్వట్లేదో తెలిసేది.

ఇక నాకు సులువుగా జవాబు దొరకని ప్రశ్న. ఇక్కడి చెరువులూ బోర్లూ ఏమయ్యాయో పిల్లలకు నేను చెప్పాల్సిన పని లేదు. స్వీడన్ శాస్త్రవేత్తలు 2007లో మందుల కంపెనీల మురుగును శుద్ధి చేసే పటాన్‌చెరు ప్లాంటు నుంచి బయటికొస్తున్న నీళ్లలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ ఉందని లెక్క తేల్చారు. శుద్ధి చేశాక వదిలిన నీళ్లవి! అలాంటి కంపెనీల్లో చేరమని మీరు చెప్తున్నారా అని ఒకమ్మాయి సూటిగానే అడిగింది. ఆ లెక్క తేల్చిన యంత్రం, పై రూమ్ అక్క నడిపే యంత్రం ఒక కుటుంబానివే, ఈటీపీలో ఆ లెక్క తెలిసినవాళ్లు ఉండాలి అన్నాను. ఆమె పూర్తిగా ఒప్పుకున్నట్టు లేదు. ఒప్పుకోవాలని నేనూ అనను.

2025 జూన్ 30న పాశమైలారంలో సిగాచి ఫ్యాక్టరీ పేలింది. నలభై మందికి పైగా పోయారు. ఆ తర్వాతి క్లాసుల్లో ఇంటర్వ్యూ ప్రాక్టీసు అంతా ఒక్కదాని మీదే నడిచింది. "మీరేమైనా అడుగుతారా?" అని చివర్లో హెచ్ఆర్ అంటే, పిల్లలు "నథింగ్ సార్" అంటారు. అక్కడ అడగాల్సిన రెండు ప్రశ్నలు నేర్పుతున్నాను: పనిలో దింపే ముందు ఎన్ని రోజులు ట్రైనింగ్ ఇస్తారు, ప్రమాదం జరిగితే నేను పనిచేసే బ్లాకువాళ్లు చేరాల్సిన అసెంబ్లీ పాయింట్ ఎక్కడ? రోల్ సంగతి, జీతం కోతల సంగతి ఆఫర్ చేతికొచ్చాక, చేరే ముందు. ఈ వరస ముఖ్యం.

"అట్ల అడిగితే తీసుకుంటరా సార్?" అన్నాడు ఆటో నడిపిన పిల్లాడు. కొన్నిచోట్ల తీసుకోరని చెప్పాను. వాడు ఒకచోట అడిగాడు. అవతలాయన నవ్వి, "ముందు జాయినవ్వు బాబూ" అన్నాడట. పిలుపు రాలేదు. ఇంకోచోట సేఫ్టీ ఆఫీసర్‌ని పిలిపించి చెప్పించారు, అక్కడ చేరాడు. కాంట్రాక్ట్ రోలే. యూఏఎన్ మాత్రం మొదటి నెలలోనే తీయించుకున్నాడు. డిగ్రీ మధ్యలో ఉందిగదా, అంబేద్కర్ ఓపెన్ యూనివర్సిటీలో కట్టమన్నాను. మొన్న ఫోన్ చేసి, ఆదివారం క్లాసుంటే శనివారం రాత్రి సీ షిఫ్ట్ ఎవరితో మార్చుకోవాలె, సూపర్‌వైజర్‌కు ఏమని చెప్పాలె అని అడిగాడు. షిఫ్ట్ మార్చుకోవడం వచ్చే శనివారం క్లాసులో పెట్టాను.