‘వద్దు’ అనిపించుకునే విద్య

కొత్తవారితో మాట్లాడటానికి జంకే యువకులు ఆ జంకు వదిలించుకోవడానికి కొన్నాళ్లు ఇంటింటికీ తిరిగి సరుకులు అమ్మే ఉద్యోగం చేయాలన్న సలహా అమెరికాలో చాలాకాలంగా వాడుకలో ఉంది. సలహా ఇచ్చేవారి దృష్టిలో అది సంపాదన కోసం చేసే పని కాదు, బిడియాన్ని అరగదీసుకునే సాధన. అది ఫలించదని కొట్టిపారేయడానికి వీల్లేదు. ఎందుకు ఫలిస్తుందో మనస్తత్వ శాస్త్రం చాలావరకు చెప్పగలదు కూడా. అయితే గడప దగ్గర నేర్చుకునేది ఒక పాఠం కాదు, రెండు. ‘వద్దు’ అన్న మాటకు నొచ్చుకోకుండా ఉండటం మొదటిది, ‘వద్దు’ అన్న మాటను లెక్కచేయకుండా ఉండటం రెండోది. ఒకే శిక్షకుడు ఒకే పూట నేర్పే ఈ రెండింటికీ పొత్తు కుదరదని గమనించకపోవడం వల్లనే, ఈ వృత్తిని మెచ్చుకునేవారూ ఏవగించుకునేవారూ ఒకరి వాదం ఒకరికి తగలకుండా మాట్లాడుతుంటారు.

ఈ సాధనకు పేరుపడిన చోటు టెనసీ రాష్ట్రంలోని నాష్‌విల్ నగరం. అక్కడ 1855లో జేమ్స్ రాబిన్సన్ గ్రేవ్స్ అనే బాప్టిస్టు బోధకుడు మతగ్రంథాల ప్రచురణ కోసం నెలకొల్పిన సౌత్‌వెస్టర్న్ సంస్థ, అంతర్యుద్ధం ముగిసిన మూడేళ్లకు, అంటే 1868లో, కళాశాల విద్యార్థుల చేత వేసవి సెలవుల్లో ఇంటింటా బైబిళ్లు అమ్మించడం మొదలుపెట్టింది. యుద్ధంలో చితికిపోయిన దక్షిణాది కుటుంబాల పిల్లలకు అది చదువుకు డబ్బు కూడబెట్టుకునే దారి అయింది. ఇప్పుడు బైబిళ్ల స్థానంలో పాఠశాల పిల్లలకు పనికివచ్చే పుస్తకాలు వచ్చాయి గాని పద్ధతి పెద్దగా మారలేదు. విద్యార్థులకు కొద్దిరోజుల శిక్షణ ఇచ్చి, ఇంటికి దూరంగా ఉండే ఏదో ఒక రాష్ట్రానికి పంపుతారు. వారు అక్కడ ఎవరింట్లోనో గది అద్దెకు తీసుకుని, వారానికి ఆరు రోజులు పొద్దుటి నుంచి చీకటిపడేదాకా తిరుగుతారు. చట్టం లెక్కలో వీరు సంస్థ ఉద్యోగులు కారు, సొంతంగా వ్యాపారం చేసుకునేవారు. అందువల్ల నెలజీతం ఉండదు. అమ్మితేనే రాబడి, తిండి ఖర్చూ అద్దే సొంతం.

ఈ ఏర్పాటులో బిడియస్తులకు అన్నిటికంటే మేలు చేసేది శిక్షణ కాదు, దూరం. బిడియం అన్నది చాలావరకు తెలిసినవారి మధ్య పుట్టి తెలిసినవారి మధ్యే పెరుగుతుంది. తడబడిన మాటను రేపు ఎవరో గుర్తుచేసి నవ్వుతారేమోనన్న శంక దాని తిండి. ఎవరూ ఎరుగని ఊళ్లో మాట తడబడితే ఆ తడబాటు ఆ గుమ్మం దగ్గరే ఆగిపోతుంది, పక్కింటి తలుపు దగ్గర మనిషి మళ్లీ కొత్తవాడే. ఇన్నిసార్లు మొదటినుంచి మొదలుపెట్టే వీలు కళాశాలలో గాని బంధువుల పెళ్లిలో గాని దొరకదు.

గడప దగ్గర చేయవలసిన పనికి కచ్చితమైన మెళకువలున్నాయి. గంట నొక్కాక రెండడుగులు వెనక్కి తగ్గాలి, తలుపుకు సూటిగా కాక కాస్త ఏటవాలుగా నిలబడాలి, తలుపు తీసినవారికి దారికి అడ్డంగా ఎవరో ఉన్నారన్న భావం కలగకూడదు, రెండు చేతులూ కనిపిస్తూ ఉండాలి. ఆ తరువాత చెప్పే మాటలు ముందే వల్లెవేసినవి; వీటిని ఈ వృత్తిలో ‘పిచ్’ అంటారు. ఇలా కంఠస్థం చేయించే అలవాటు కూడా పాతదే. ఒహాయో రాష్ట్రంలోని డేటన్‌లో నేషనల్ క్యాష్ రిజిస్టర్ కంపెనీ, ఇళ్లకు కాక దుకాణాలకు సరుకు అమ్మేదే అయినా, 1887లోనే తన సేల్స్‌మన్‌లు చెప్పవలసిన మాటలను చిన్న పుస్తకంగా అచ్చువేయించి అప్పజెప్పించుకుంది. వల్లెవేసిన మాట మనిషిని మరబొమ్మను చేస్తుందని విమర్శించడం తేలిక. కాని ‘ఏం మాట్లాడాలి’ అన్న ప్రశ్న దగ్గరే నోరు పడిపోయేవారికి ఆ ప్రశ్నను తీసిపారేయడం చిన్న ఉపకారం కాదు.

ఇలా పదేపదే భయపడే పనికే ఎదురుపడటాన్ని మనస్తత్వ చికిత్సలో ‘ఎక్స్‌పోజర్’ అంటారు. జరుగుతుందని మనిషి భయపడేది జరగకపోవడం, జరిగినా భరించలేనంతగా లేకపోవడం, ఈ రెండూ అనుభవంలోకి వచ్చినకొద్దీ భయం పట్టు సడలుతుందని దీని సారం. ఆల్బర్ట్ ఎల్లిస్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త దీనిని తన మీదే ప్రయోగించుకున్నాడు. ఆడవాళ్లతో మాట్లాడాలంటే వణికిపోయే ఆయన, పంతొమ్మిదేళ్ల వయసులో, న్యూయార్క్‌లోని బ్రాంక్స్ వృక్షోద్యానంలో ఒక నెల పొడవునా బెంచీల మీద ఒంటరిగా కూర్చున్న 130 మందిని పలకరించాడు. అందులో 30 మంది లేచి వెళ్లిపోయారు, 100 మంది మాట్లాడారు, ఒక్కరు మళ్లీ కలుస్తానని చెప్పి రాలేదు. అమ్మకం లెక్కలో ఇది పూర్తి వైఫల్యం, చికిత్స లెక్కలో పూర్తి విజయం. ఎవరూ అరవలేదు, పోలీసును పిలవలేదు అని గ్రహించిన ఎల్లిస్ తరువాత ఇటువంటి అభ్యాసాలను తన చికిత్సా విధానంలో భాగం చేశాడు. 1977లో ఆల్బర్ట్ బందూరా ప్రతిపాదించిన ‘స్వీయ సామర్థ్య’ భావన కూడా ఇటే మొగ్గుతుంది. ఒక పనిని చేయగలనన్న నమ్మకం ఇతరుల ప్రోత్సాహం వల్లా, ఇతరులు చేస్తుండగా చూడటం వల్లా కొంత కలిగినా, స్వయంగా చేసి నెగ్గడం వల్ల కలిగినంత గట్టిగా కలగదని ఆయన వాదం.

సేల్స్‌మన్‌లు దీనికి తమదైన అంకగణితం జోడిస్తారు. ముప్పై తలుపులకు ఒక్క అమ్మకం జరిగి, దాని మీద ఆరు వందల రూపాయల కమీషన్ వస్తుందనుకుంటే, తట్టిన ప్రతి తలుపూ, తెరిచి ‘వద్దు’ అన్న తలుపు కూడా, ఇరవై రూపాయలు ఇచ్చినట్టే. ఇరవై తొమ్మిది తలుపులు కాదన్నంత మాత్రాన ముప్పయ్యో తలుపు కొని తీరుతుందని లేదు కనుక ఇందులో లెక్క కంటే ఓదార్పే ఎక్కువ. అయినా తిరస్కారాన్ని వ్యక్తి నుంచి వేరుచేసి సగటులోకి నెట్టేసే ఈ ఉపాయం మొదటి పాఠానికి ప్రాణం వంటిది. తలుపు మూసినవారు అబ్బాయిని కాదనలేదు, ఆ పూట పుస్తకాలను కాదన్నారు అన్న భేదం ఉపదేశంతో ఒంటపట్టదు. రోజుకు డెబ్భై తలుపులు తట్టినప్పుడు మాత్రం ఒంటపడుతుంది.

ఇక్కడొక చిక్కుంది. సామాజిక భయాన్ని అధ్యయనం చేసిన డేవిడ్ క్లార్క్, ఏడ్రియన్ వెల్స్ 1995లో ప్రకటించిన నమూనాలో ‘రక్షణ చేష్టలు’ అనేవాటికి పెద్ద స్థానం ఉంది. భయపడే మనిషి నలుగురిలోకి వెళ్లినప్పుడు ఏదో ఒక ఆసరాను, అంటే చేతిలో గ్లాసునో ముందే తయారుచేసుకున్న వాక్యాన్నో గట్టిగా పట్టుకుంటాడు. ప్రమాదం తప్పినప్పుడు ఆ ఘనత ఆసరాకు పోతుందే తప్ప తనకు దక్కదు, అందుకే భయం మిగిలిపోతుంది. సేల్స్‌మన్ భుజాన ఉన్న సంచీ, మెడలో ఉన్న కార్డు, నోటికి వచ్చిన పిచ్ సరిగ్గా ఇటువంటి ఆసరాలే. వేసవంతా వేల గుమ్మాలెక్కిన కుర్రవాడు సెలవులయ్యాక భోజనాల బల్ల దగ్గర పక్కవారిని పలకరించలేక మళ్లీ మూగబోతే అందులో వింతేమీ లేదు. అతని చేత మాట్లాడించింది పని, అక్కడ పని లేదు. ఎల్లిస్ చేతిలో అమ్మడానికి ఏమీ లేకపోవడం ఆయన ప్రయోగానికి బలం.

రెండో పాఠం సంగతి ఇంకా జటిలం. కొనబోయేవారు చెప్పే ప్రతి అడ్డుమాటనూ వృత్తి భాషలో ‘అబ్జెక్షన్’ అంటారు, దానికి జవాబు ముందే సిద్ధం చేస్తారు, మూడుసార్లు వద్దనిపించుకునే దాకా కదలవద్దని బోధించే చోట్లూ ఉన్నాయి. కెనడాలోని నోవా స్కోషియాలో పుట్టి, 1906లో అమెరికాలోని హార్ట్‌ఫర్డ్‌లో బ్రష్‌ల వ్యాపారం పెట్టిన ఆల్ఫ్రెడ్ ఫుల్లర్ మనుషులు గుమ్మం దగ్గర ఒక చిన్న బ్రష్‌ను ఉచితంగా ఇచ్చేవారు. దాన్ని సంచీలోంచి తీయడానికి లోపలికి రమ్మనక తప్పేది కాదు, పుచ్చుకున్నాక తక్కిన సరుకు చూడనంటే బాగుండేది కాదు. ఇటువంటి చిన్న అంగీకారం ఎంత దూరం లాక్కెళుతుందో 1966లో జొనాథన్ ఫ్రీడ్‌మన్, స్కాట్ ఫ్రేజర్ కాలిఫోర్నియా గృహిణుల మీద చేసిన ప్రయోగంలో తేలింది. ఇంట్లోని సామాన్లను లెక్కరాసుకోవడానికి ఐదారుగురు మగవాళ్లు వచ్చి రెండు గంటలు వెతుకుతారని సూటిగా అడిగితే ఒప్పుకున్నవారు 22 శాతం. అంతకుముందు ఫోనులో సబ్బుల గురించి ఎనిమిది ప్రశ్నలకు జవాబు చెప్పించుకుని తరువాత అదే కోరిక కోరితే ఒప్పుకున్నవారు 53 శాతం.

తెలుగు ఇళ్లలో ఈ రెండో పాఠం మరింత సులువుగా పారుతుంది, ఎందుకంటే ఇక్కడ మొహమాటం సేల్స్‌మన్ కంటే ఇంటివారికే ఎక్కువ. గాజులమ్ముకునే ఆమె అరుగెక్కి కూర్చుని మంచినీళ్లడగడం, ధనుర్మాసంలో హరిదాసు వాకిట్లో నిలబడటం వంటివి పరిచయమైన రాకలు. వారికి ఏం చెప్పాలో, ఏం పెట్టాలో ఇంటికి తెలుసు. ఎరగని మనిషి టై కట్టుకుని వచ్చినప్పుడు ఆ మర్యాదే ఆధారం లేక తబ్బిబ్బవుతుంది, ‘మా ఆయన వచ్చాక రండి బాబూ’, ‘ఒకటో తారీకు తరువాత చూద్దాం’ వంటి వంకలుగా మారుతుంది. ఇవి నిజానికి వద్దనే చెబుతున్నాయని ఇద్దరికీ తెలుసు. 1982లో స్వీడన్‌కు చెందిన ఎలెక్ట్రోలక్స్ భాగస్వామ్యంతో వచ్చిన యురేకా ఫోర్బ్స్ వాక్యూమ్ క్లీనర్‌ను నగరాల్లోని ఇంటింటికీ తీసుకెళ్లినప్పుడు, ఇంటివారి పరుపులోని దుమ్మునే తీసి ఇంటివారికే చూపించే ‘డెమో’ భారతీయ మధ్యతరగతికి చిరపరిచితమైంది. సరుకు నాణ్యత ఎలాగున్నా, అరగంటసేపు చెమటోడ్చి ఇల్లు ఊడ్చిన కుర్రవాణ్ని వట్టిచేతులతో పంపడం ఏ ఇల్లాలికైనా కష్టమే. బిడియం పోగొట్టుకోవడానికి వచ్చినవాడు ఇక్కడ ఎదుటివారి బిడియం మీద బతకడం నేర్చుకుంటున్నాడు. ఈ విద్య మార్కెట్లో విలువైనదే కావచ్చు; స్నేహంలోనూ సంసారంలోనూ దీన్ని వాడేవారిని మాత్రం లోకం వేరే పేర్లతో పిలుస్తుంది.

చట్టాలు ఇంటివారి పక్షం చేరడానికి కారణం ఇదే. రైల్వే కార్మికులు రాత్రి పని చేసి పగలు నిద్రపోయే గ్రీన్ రివర్ అనే అమెరికాలోని వయోమింగ్ రాష్ట్రపు పట్టణం, పిలవకుండా వచ్చే అమ్మకందారులను 1931లో నిషేధించింది. ఇటువంటి నిషేధం చెల్లుతుందని 1951లో లూసియానాకు చెందిన ఒక కేసులో అమెరికా సుప్రీంకోర్టు అంగీకరించింది. గుమ్మం దగ్గర కొన్నదాన్ని మూడు పనిదినాల లోపు రద్దు చేసుకునే హక్కు కూడా అక్కడ కొనుగోలుదారులకు తరువాత దక్కింది. భారతదేశంలో ప్రత్యక్ష విక్రయాలకు వర్తించే 2021 నాటి వినియోగదారుల రక్షణ నియమాలు, గుర్తింపు కార్డూ ముందస్తు అనుమతీ లేకుండా విక్రేత ఇంటికి వెళ్లరాదంటున్నాయి. అనుమతితో తట్టే తలుపులో సాధనకు ఏం మిగులుతుందన్నది వేరే ప్రశ్న.

మొదటి పాఠం మాత్రమే కావలసినవారు చూడవలసింది సంస్థ పేరు కాదు, జీతం పద్ధతి. కమీషన్ మీద బతికేవారికి రెండో పాఠం ఐచ్ఛికం కాదు; నెలాఖరుకు అద్దె కట్టాలంటే దాన్ని నేర్వక తప్పదు. కమీషన్ లేకుండా తలుపులు తట్టే పనులూ ఉన్నాయి, వాటిలోనూ తేడాలున్నాయి. జనగణనకు వచ్చే ఎన్యుమరేటరుకు 1948 నాటి చట్టం అండగా ఉంటుంది కనుక ఆ పనిలో తిరస్కారపు రుచి అంతగా తెలియదు. 1990ల తొలి ఏళ్లలో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమ కార్యకర్తలు చేసిన పని మాత్రం ఈ సాధనకు చాలా దగ్గరగా వస్తుంది. పొలం నుంచి అలసి వచ్చిన ఆడవాళ్లను రాత్రిబడికి రమ్మని పిలవాలి. పిలిచినందుకు రూపాయి ముట్టదు, రానన్నవారిని బలవంతపెట్టే అధికారమూ లేదు. పైగా కార్యకర్తల్లో చాలామంది ఆ ఊరివారే. రానన్న మనిషి మర్నాడు బోరింగు దగ్గర ఎదురుపడితే ముఖం తిప్పుకోకుండా పలకరించి, మరో వారం తరువాత అదే గుమ్మం ముందు మళ్లీ నిలబడవలసిన పరిస్థితి వారిది. నాష్‌విల్ కుర్రవాళ్లకు ఏ వేసవిలోనూ ఎదురుకాని పరీక్ష అది.