ఫలాగమం లేని ప్రయాణం: 1971 నాటి మూడు అమెరికన్ రహదారి చిత్రాలు

1. ఉపోద్ఘాతం:

కార్ల ఛేజ్ ప్రధానంగా సాగే చిత్రాల ఆకర్షణ వేగంలోనే ఉందని సాధారణంగా భావిస్తారు. అదే నిజమైతే అంతకంటే వేగమైన చిత్రం రాగానే పాతది మరుగున పడాలి. కాని అర్ధశతాబ్దం దాటినా కొన్ని చిత్రాలను అభిమానులు పదేపదే చూస్తూనే ఉన్నారు. వీటినే కల్ట్ చిత్రాలంటున్నారు. ఈ ఆకర్షణకు మూలం వేగం కాదని, కథలో విడిచిపెట్టిన ఖాళీ అని ప్రతిపాదించడం, ఆ ఖాళీ ఎవరి స్వేచ్ఛను చెబుతున్నదో పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

2. యత్నమే మిగిలిన కథలు:

ధనంజయుని దశరూపకం నాటకంలోని కార్యానికి ఆరంభం, యత్నం, ప్రాప్త్యాశ, నియతాప్తి, ఫలాగమం అనే ఐదు అవస్థలను చెప్పింది. పీటర్ యేట్స్ దర్శకత్వం వహించిన 'బులిట్' (1968)లో శాన్‌ఫ్రాన్సిస్కో వీధుల్లో దాదాపు పది నిమిషాలు సాగే ఛేజ్ ఇటువంటి క్రమానికి లోబడే ఉంటుంది. తరిమేదెవరో, ఎందుకో ప్రేక్షకునికి తెలుసు. ఛేజ్ ముగిశాక కథ ముందుకు నడుస్తుంది. 1971లో వచ్చిన మూడు చిత్రాలు ఈ క్రమాన్ని భంగపరిచాయి.

రిచర్డ్ సరాఫియన్ 'వానిషింగ్ పాయింట్'లో లోపించినది హేతువు. కొవాల్‌స్కీ ఒక తెల్లని డాడ్జ్ ఛాలెంజర్ కారును డెన్వర్ నుండి శాన్‌ఫ్రాన్సిస్కోకు చేర్చాలి. గడువుకు ముందే చేరుస్తానని పందెం కాస్తాడు. అతడు వియత్నాంలో పోరాడిన సైనికుడు, మాజీ పోలీసు, మాజీ రేసర్ అని గత స్మృతులు ముక్కలు ముక్కలుగా తెలుపుతాయి. వాటిలో ఏదీ ఈ పరుగుకు పూర్తి కారణంగా నిలబడదు.

మాంటే హెల్‌మన్ 'టూ లేన్ బ్లాక్‌టాప్'లో లోపించినది ఫలం. పాత్రలకు పేర్లు లేవు. డ్రైవర్, మెకానిక్, అమ్మాయి అని మాత్రమే వ్యవహారం. ప్రత్యర్థిని అతని కారు పేరుతో జీటీవో అంటారు. కార్లనే పణంగా పెట్టి వాషింగ్టన్ దాకా సాగించిన పందెం తేలకుండానే ఉండిపోతుంది. చివరకు ఫిల్మే కాలిపోతున్నట్లుగా తెర మీది బొమ్మ నశిస్తుంది.

స్టీవెన్ స్పీల్‌బర్గ్ టెలివిజన్ కోసం తీసిన 'డ్యూయెల్'లో లోపించినది ప్రతినాయకుని ముఖం. ఒక ఉద్యోగిని ట్యాంకర్ ట్రక్కు వెంటాడుతుంది. ట్రక్కు నడిపేవాని ముఖం కనబడదు, పగ తెలియదు. ట్రక్కు లోయలో కూలాక నాయకుడు సంబరపడతాడు. కాని చివరి దృశ్యంలో లోయ అంచున ఒంటరిగా కూర్చుని రాళ్లు విసురుతుంటాడు. ఫలం దక్కినా దాని అర్థం దక్కలేదు.

ఈ మూడింటిలోనూ నిండుగా మిగిలినది యత్నమే. లోపించిన దానిని ప్రేక్షకుడు తన కోపంతోనో, తన విసుగుతోనో పూరించుకుంటాడు. చూసిన ప్రతిసారీ ఆ పూరణ మారుతుంది. పునర్దర్శనానికి ఇదే కారణం.

3. స్వేచ్ఛ ఎవరిది?

ఈ చిత్రాలను స్వేచ్ఛకు ప్రతీకలుగా వర్ణించడం పరిపాటి. అయితే అమెరికాలో అంతర్రాష్ట్ర రహదారుల నిర్మాణానికి 1956 నాటి చట్టం ద్వారా నిధులు సమకూర్చినది ప్రభుత్వం. 'వానిషింగ్ పాయింట్'లో ఆ ప్రభుత్వమే రోడ్డుకడ్డంగా బుల్డోజర్లను నిలిపింది. కొవాల్‌స్కీ ఆగే వీలున్నా ఆగక వాటిని ఢీకొంటాడు.

అతనిని వీరునిగా కీర్తించినవాడు సూపర్ సోల్ అనే రేడియో వ్యాఖ్యాత. అతడు అంధుడు, నల్లజాతీయుడు. పోలీసుల కదలికలను గాలిలో చేరవేసినందుకు శ్వేతజాతి మూక స్టూడియోలో చొరబడి అతనిని కొడుతుంది. కారులోనివాడు తన మరణాన్ని తానే ఎంచుకున్నాడు. స్టూడియోలోనివానికి దెబ్బలను ఎంచుకునే అవకాశం కూడా లేదు. తెల్లని కారును మాత్రమే జ్ఞాపకం ఉంచుకునే అభిమానం ఈ వ్యత్యాసాన్ని మరచిపోతుంది.

'టూ లేన్ బ్లాక్‌టాప్'లోని అమ్మాయి కూడా ఆలోచింపదగిన పాత్ర. పురుషులు పందెం విడువలేకపోగా, ఆమె తన సంచిని సైతం వదిలి ఒక అపరిచితుని మోటారుసైకిలెక్కి వెళ్లిపోతుంది. ఆ కథలో నిజంగా బయటపడినది ఆమె ఒక్కతే. అయినా కెమెరా ఆమె వెంట వెళ్లదు.

4. ముగింపు:

కల్ట్ రహదారి చిత్రాల బలం అవి చెప్పకుండా విడిచినదానిలో ఉంది. వాటి పరిమితి కూడా అక్కడే ఉంది. ఖాళీని పూరించే ప్రేక్షకుడు తనను డ్రైవరు స్థానంలోనే ఊహించుకుంటే, కారు బయట దెబ్బలు తిన్నవాడు, కారు దిగి వెళ్లిపోయినది లెక్కలోకి రారు. ఈ ప్రక్రియపై జరిగే పరిశోధన వారిని కూడా లెక్కించినప్పుడే రహదారి మీది స్వేచ్ఛకు సరైన విలువ కట్టగలుగుతుంది.