కళాశాల రంగముపై మన ఉగాది

2025వ సంవత్సరమున ఉగాది మార్చి 30వ తేదీ ఆదివారమునాడు వచ్చినది. ముందునాటి సాయంకాలము వేలూరు ప్రాంతమందలి ఒక కళాశాలలో తెలుగు విద్యార్థులు ఉగాది వేడుక జరిపిరి. నా మనుమరాలు అచ్చటనే చదువుచున్నది గనుక నాకును పిలుపు వచ్చినది. మోర్ధానాలో బయలుదేరి, గుడియాత్తములో బస్సు మారి, వేళకు ముందే చేరి మూడవ వరుసలో కూర్చుంటిని. ముప్పదియేండ్లు గుమాస్తాగిరి చేసినవానికి వేళకు ముందు చేరుట ఒక వ్యసనము.

వేడుకలో మెచ్చదగినది చాల ఉన్నది. మామిడాకుల తోరణములు కట్టినది, ముగ్గులు వేసినది, వేపపూవు పచ్చడి కలిపినది అందరును ఇరువది యేండ్లు నిండని పిల్లలే. గుంటూరు, నెల్లూరు, కరీంనగరముల నుండి వచ్చి, వసతిగృహములలో ఉండి చదువుకొనుచు, ఇంటి పండుగను మరువకపోవుట సామాన్యము కాదు. అయితే వేదిక వెనుకనున్న పెద్ద గుడ్డమీద ‘శుభాకాంక్షలు’ అను మాటలో ఒక దీర్ఘము లోపించినది. ఆహ్వానపత్రము మొత్తము ఇంగ్లీషులోనే ఉన్నది. ఈ రెండును చిన్న తప్పులే, దిద్దుకొనవచ్చును.

ప్రార్థనగా త్యాగరాజస్వామివారి కీర్తన పాడిరి. పిదప ఒక బాలిక కూచిపూడి తరంగము ఆడినది. పళ్ళెపు అంచుపై నిలిచి ఆమె వేసిన జతులలో ఒక్కటియు తాళము తప్పలేదు. ఆ పది నిమిషములు సభలో చప్పుడు లేదు. అది ముగిసిన వెంటనే వ్యాఖ్యాతయైన యువకుడు ఇది ఆంధ్రదేశము నుండి తమిళనాటికి మేము తెచ్చిన కానుక అని ప్రకటించెను. నాకు నవ్వు వచ్చినది, కొంచెము బాధయు కలిగినది. తరంగములను రచించిన నారాయణతీర్థులు తంజావూరు సీమలోని వరహూరులో నివసించినవారు. త్యాగరాజస్వామి తిరువయ్యారువారు. మెలట్టూరు వేంకటరామశాస్త్రిగారి తెలుగు నాటకములను నేటికిని ఏటేట నృసింహజయంతి సమయమున ఆ గ్రామమునందే భాగవతమేళముగా ఆడుచున్నారు. స్త్రీపాత్రలను సైతము పురుషులే ధరింతురు. కావేరి ఒడ్డున పుట్టినదానిని కావేరివారికి కానుకగా తెచ్చితిమనుట ఎట్లు పొసగును? తెలుగు ఇచ్చటికి అతిథిగా వచ్చినదని ఆ యువకుని నమ్మకము. ఆ సాయంకాలపు లోపమంతయు ఆ ఒక్క నమ్మకములో ఉన్నది.

సినిమా పాటలకు ఆడిన నృత్యములను గూర్చి నాకు ఫిర్యాదు లేదు. 2023లో ఆస్కార్ బహుమానము పొందిన ‘నాటు నాటు’ మొదలుకాగానే తమిళ, మలయాళ, హిందీ విద్యార్థులందరును లేచి ఆడిరి. ముసలివాడను, నా కాలును కదలినది. కాని అటువంటి పాటలు వరుసగా ఏడు వచ్చినవి. ఏడింటికిని స్థలము దొరికిన ఆ వేదికపై ఒకదానికి మాత్రము దొరకలేదు.

ఆ ఒకటి నా మనుమరాలు పాడదలచిన కోలాటపు పాట. మా అమ్మ పాడినది, మా అక్కకు వచ్చినది, అక్క దీనికి నేర్పినది. పిల్ల అభ్యాసమునకు వెళ్ళి, “నేను ఏ తావులో నిల్చుకోవాల?” అని అడిగినదట. అచ్చటివారు నవ్విరట. “మీది అరవ తెలుగు, మైకులో బాగుండదు” అనిరట. ‘తావు’ అను మాట మన పాత కావ్యములలో ఉన్నదని ఆ పిల్లలకు ఎవరును చెప్పలేదు కాబోలు. వారియందు నాకు కోపము లేదు. తమ ఊరికి ఇరువది మైళ్ళ అవతల పలుకు మారిన నవ్వుట ఆ వయసు స్వభావము. కాని పండుగ పేరు తెలుగువారిది, పండుగ జరిగిన నేల మనది. మన పిల్ల ప్రేక్షకులలో కూర్చుండి, వేదిక మీది గుడ్డపై ఏమి వ్రాసియున్నదో చదివి చెప్పుమని నన్నడిగినది. దానికి బడిలో తెలుగక్షరము అందలేదు. 2006 నాటి చట్టముతో తమిళము తప్పనిసరియై, 2015–16 నాటికి పదవ తరగతి వరకును చేరినది. తమిళము నేర్చుట తప్పనను. నేను ఉద్యోగమంతయు తమిళములోనే వెళ్ళబుచ్చితిని. రెండవది పోవుటయే నష్టము.

మా తమ్ముని కుమారుడు అమెరికాలో టెక్సాసునందున్నాడు. అచ్చటి స్పానిషు కుటుంబముల సంగతి అతడు చెప్పగా విని, మన కథయే అనుకొంటిని. 1848లో మెక్సికో ఓడి కాలిఫోర్నియా మొదలగు విశాలభూములను అప్పగించినప్పుడు అచ్చటి జనము ఇల్లు కదలలేదు. సరిహద్దే వారిని దాటిపోయినది. మన ఉత్తర ఆర్కాటు నుండి 1911లో చిత్తూరు జిల్లా విడిపోయినది. 1953లో ఆంధ్రరాష్ట్రము ఏర్పడినది. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి మదరాసు రాష్ట్రమున చేరినది. ఆ తిరుత్తణి తెలుగుబిడ్డయే సర్వేపల్లి రాధాకృష్ణన్. ఆయన మన వేలూరు వూరీసు కళాశాలలో చదివిరి. మా తాతలు మాత్రము మోర్ధానాలోనే ఉండిరి. కౌండిన్యనది గీతలను అడుగక నేటికిని అటునుండి ఇటు పారుచున్నది.

ఆ దేశమున 1968లో ఒక వారముగా మొదలైన వారి వారసత్వోత్సవము, 1988లో సెప్టెంబరు 15 నుండి నెలదినములకు పెరిగినది. అచ్చటను దుస్తులతో, వంటకములతో తృప్తిపడువారు ఉన్నారట. అయినను నవంబరు మొదటి రెండు దినములలో అనేక కళాశాలలలో విద్యార్థులు ఒక బల్లపై తమ అవ్వతాతల పటములుంచి, వారికి ఇష్టమైన పదార్థములు పెట్టి, బంతిపూలు పరతురట. మన మహాలయ అమావాస్యవంటిది. బంతిపూవు మనకు వచ్చినదియు ఆ మెక్సికో నుండియే. నాకు నచ్చినది ఆ బల్ల. దానిపై ఎవరి ఇంటి అవ్వ వారికే ఉండును. ఆమె యాస బాగులేదని బల్ల దింపువారు లేరు.

మన సంఘమును కూడ అనవలసియున్నది. ఆ వేడుకకు మనలో కొందరు చందాలిచ్చిరి, ముందువరుసలో కూర్చుండిరి, శాలువలు కప్పించుకొనిరి. మా ఊళ్ళ పిల్లలకు ఒక పావుగంట ఇయ్యుడని అడిగినవారు లేరు. నేనును అడుగలేదు. వచ్చే ఏట అడుగుటకు ఉత్తరము ఇప్పుడే వ్రాసి ఉంచితిని.

పాటలో పదునొకండు చరణములు. మనుమరాలు ఎనిమిదింటిని తమిళలిపిలో వ్రాసికొన్నది. తక్కిన మూడును మా అక్కకే వచ్చును, ఆమెకు డెబ్బదియెనిమిదేండ్లు. ఆదివారములలో మేమిద్దరము ఆమె యింటికి పోవుచున్నాము.