మూడు బంతులు, ఒక చెయ్యి

బౌలింగ్ బంతిని చేతికి తీసుకుంటే అందరి కళ్లూ దాని రంగుల మీదికే పోతాయి. నేను ముందు ఒక చుక్క కోసం వెతుకుతాను. ఎరుపు, నీలం సుడుల మధ్య ఎక్కడో ఒకచోట గోరంత గుండ్రటి మచ్చ వేరే రంగులో ఉంటుంది. లోపలి బరువైన దిమ్మె, అంటే కోర్, ఏ దిక్కుకు తల పెట్టుకుని ఉందో చెప్పే గుర్తు అది. పోత పోసేటప్పుడు కోర్‌ను అచ్చులో కదలకుండా పట్టి ఉంచిన కడ్డీని తీసేశాక, మిగిలిన బెజ్జాన్ని పూడ్చిన చోటు. ఫ్యాక్టరీ పని అక్కడితో ముగుస్తుంది. ఆ చుక్కకు ఎంత దూరంలో, ఏ పక్కన, ఏ వాలుతో మూడు రంధ్రాలు పడాలో తేల్చే మనిషి పని అక్కణ్నుంచి మొదలవుతుంది. ఈ వ్యాసం ఎక్కువగా ఆ మనిషి గురించే.

కొల్లాపూర్‌లో మామిడి గురించి అడిగితే పసిపిల్లాడైనా జవాబు చెప్తాడు. బౌలింగ్ అంటే మాత్రం క్రికెట్ అనుకుంటాడు. పది పిన్నుల ఆట చూడాలంటే మావాళ్లు నాగర్‌కర్నూల్ మీదుగా హైదరాబాద్ దాకా వెళ్లాల్సిందే. అక్కడ ఏదో ఒక మాల్‌లో అద్దె బూట్లు వేసుకుని, వరసలో పెట్టిన బంతుల్లో వేళ్లు దూరే దాన్ని ఎంచుకుని, బొటనవేలు వదులుగా ఉన్నా సర్దుకుని విసిరేస్తారు. ఆ బంతి ఎవరి చేతికీ కొలిచి చేసింది కాదు, అందరికీ కాస్త కాస్త సరిపోవాలని చేసింది. సరదాకు అది చాలు. చదువుకో ఉద్యోగానికో డల్లాస్ వైపు వెళ్లి, ఆఫీసు వాళ్లతో లీగ్‌లో చేరిన మావాళ్లకు చాలదు. వాళ్లు మొదటి ఏడాదిలోనే నాలుగైదు బంతులు కొనేస్తారు. అవన్నీ దాదాపు ఒకే రకంగా తిరుగుతాయి. ఇర్వింగ్, ఫ్రిస్కో, ప్లానోల్లో తెలుగు మాట ఎక్కడ చూసినా వినబడుతుంది. అమెరికాలో బౌలింగ్ నియమాలు రాసే యూఎస్‌బీసీ ప్రధాన కార్యాలయం, బౌలింగ్ మ్యూజియం కూడా ఆ చుట్టుపక్కలే, ఆర్లింగ్‌టన్‌లో ఉన్నాయి. బంతి కొనే ముందు ఒక శనివారం ఆ మ్యూజియం చూసి రమ్మని చెప్తాను.

అక్కడికి వెళ్తే ఒక సంగతి తేలిగ్గా అర్థమవుతుంది. వందేళ్లకు పైగా మారుతూ వచ్చింది ముఖ్యంగా బంతి చర్మమే. మొదట లిగ్నమ్ వైటే అనే చెట్టు చేవ, నీళ్లలో వేస్తే మునిగేంత బరువు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో గట్టి రబ్బరు వచ్చింది, బ్రన్స్‌విక్ కంపెనీ మినరలైట్ బంతి 1914 నాటిది. ఆ తర్వాత ప్లాస్టిక్, 1980ల్లో యూరథేన్, 1990ల మొదట్లో రియాక్టివ్ రెజిన్. ఈ చివరిది కంటికి కనబడని రంధ్రాలతో లేన్ మీది నూనెను పీల్చుకుంటుంది, అందుకే పొడి చెక్క తగలగానే గట్టిగా పట్టుకుంటుంది.

నూనె సంగతి తెలియకపోతే ఈ ఆటలో డబ్బు ఎందుకు ఖర్చవుతుందో తెలియదు. ఫౌల్ లైన్ నుంచి మొదటి పిన్ను దాకా 60 అడుగులు. మామూలు సెంటర్లలో యంత్రం సుమారు 40 అడుగుల దాకా పల్చగా నూనె రాస్తుంది, నడుమ ఎక్కువ, అంచుల్లో తక్కువ. బంతి నూనె మీద జారుతుంది, నూనె అయిపోయిన చోట వంపు తిరుగుతుంది, ఆపైన దొర్లుతుంది. ఈ మూడూ ఏ పాళ్లలో కావాలో తెలిసి కొంటే చిన్న సేకరణ చాలు. వంపు ఎందుకంటే, పిన్నుల గుంపులోకి బంతి ఆరు డిగ్రీల కోణంలో దూరితే స్ట్రైక్ అవకాశం బాగుంటుందని యూఎస్‌బీసీ పరీక్షల్లో తేలింది. లేన్ వెడల్పు మూడున్నర అడుగులకు కాస్త తక్కువ. అంచు నుంచి తిన్నగా వేసిన బంతికి రెండు డిగ్రీల కోణం కూడా రాదు, కాగితం మీద గీసుకుంటే మీకే తెలుస్తుంది.

మొదట కొనాల్సింది నడిమి రకం బంతి. అటూ ఇటూ ఒకేలా ఉండే కోర్, మధ్యరకం పట్టున్న రియాక్టివ్ చర్మం. దాని తిరుగుడు మరీ ముందూ రాదు, మరీ ఆలస్యమూ కాదు. లేన్ ఎలా ఉందో అది చెప్తుంది. అది త్వరగా తిరిగిపోతే నూనె తక్కువని, తిరగకుండా పోతే ఎక్కువని. చాలా మోడళ్లు కొన్ని నెలల్లోనే కేటలాగ్ నుంచి మాయమవుతాయి. స్టార్మ్ కంపెనీ హై రోడ్, ఫేజ్ టూ లాంటివి మాత్రం ఏళ్ల తరబడి నిలిచాయి. వాటిలో కళ్లు తిరిగే కొత్తదనం ఏమీ లేదు, నిలవడానికి కారణం అదే అనుకుంటాను. (యూటా రాష్ట్రంలోని బ్రిగమ్ సిటీకి చెందిన ఈ కంపెనీ తన బంతుల్లో సువాసన కూడా కలుపుతుంది. బెనిషాన్ మామిడి వాసన బంతి వచ్చిందంటే అవసరం లేకపోయినా కొనేస్తాను, పొదుపు గురించి రాసే అర్హత ఆరోజుతో పోతుంది.)

రెండోది ప్లాస్టిక్ బంతి. చౌకైనది, అందం లేనిది, అన్నిటికన్నా ఎక్కువ పాయింట్లు కాపాడేది. కుడిచేతి ఆటగాడికి మూలన ఒక్క పదో పిన్ను నిలబడినప్పుడు వంపు తిరిగే బంతి శత్రువే. నూనె ఉన్నా లేకపోయినా ప్లాస్టిక్ తిన్నగా పోతుంది. కొత్తవాళ్లు దీన్ని చివర కొంటారు, లేదా కొననే కొనరు. నన్నడిగితే నడిమి బంతితో పాటే, ఒకేరోజు తీసుకోవాలి.

మూడోదానికి తొందర లేదు. ఆటలు గడిచేకొద్దీ అంచుల్లో నూనె ఆరిపోతుంది, నడిమి బంతి ముందే తిరిగి పిన్నుల ఎడమకు కొట్టడం మొదలుపెడుతుంది. అప్పుడు మెరుగు పెట్టిన పెర్ల్ రకం చర్మంతో, ఎక్కువ దూరం జారే బంతి కావాలి. కొందరు దాని బదులు యూరథేన్ చెప్తారు. యూరథేన్ వంపు నునుపుగా, ముందే మొదలై, చివరిదాకా ఒకే తీరున సాగుతుంది. చూడ్డానికి బాగుంటుంది. వారానికోసారి లీగ్ ఆడేవాళ్లకు పెర్ల్ ఎక్కువ పనికొస్తుందని నా అభిప్రాయం.

ఇక డ్రిల్లర్, అంటే మొదట్లో చెప్పిన, రంధ్రాలు తొలిచే మనిషి. మంచి డ్రిల్లర్ ముందు బంతిని చూడడు, చెయ్యి చూస్తాడు. బొటనవేలు ఎంత వెనక్కి వంగుతుంది, మధ్యవేలు, ఉంగరపు వేలు మొదటి కణుపు గీతలు ఎక్కడున్నాయి, అరచేయి ఎంత మెత్తన. బొటనవేలి రంధ్రం అంచు నుంచి ఒక్కో వేలికీ దూరం విడివిడిగా కొలుస్తాడు, ఎందుకంటే రెండు వేళ్ల పొడవు ఒకటి కాదు. అంగుళంలో ముప్పైరెండో వంతు తేడా వచ్చినా చెయ్యి పట్టేస్తుంది. దూరం ఎక్కువైతే మణికట్టు లాగుతుంది, తక్కువైతే బంతి జారిపోతుందేమోనని వేళ్లు బిగిస్తాం, ఆ బిగింపుతో వంపు పోతుంది. పాత బంతి తెచ్చి దీనిలాగే పెట్టండి అనేవాళ్లు చాలామంది. ఆది జాకెట్ ఇచ్చి పోయినట్టే అది. ఆది తప్పైతే కొత్తదీ తప్పే, అందుకే పనిమంతుడు ఆది పక్కన పెట్టి మళ్లీ కొలత తీస్తాడు.

ఆ తర్వాత వాలు. రంధ్రం బంతి నడిబొడ్డు వైపే పోవాలని లేదు. కొంచెం అరచేతి వైపు వాలితే వేలిని పట్టి ఉంచుతుంది, అవతలికి వాలితే త్వరగా వదులుతుంది. బిరుసు బొటనవేలికి ఒక వాలు, విల్లులా వంగే వేలికి మరో వాలు. బొటనవేలు గుండ్రంగా ఉండదు కాబట్టి ఒకదానిమీద ఒకటి పడేలా నాలుగైదు సార్లు తొలిచి కోలగా చేస్తారు. ఆపైన యంత్రం ఆపి, చేత్తో అంచులు చెక్కి, ఇసుక కాగితం వేలికి చుట్టి రాస్తారు. నాకు ఎక్కువ ముచ్చటేసేది ఈ చివరి పనే. బిల్లులో దీనికి విడిగా పద్దు ఉండదు. బొటనవేలు ఇరుక్కోకుండా, వదులు కాకుండా రావడమంతా ఆ పది నిమిషాల మీదే ఉంటుంది. ఆటలో వేలు ఉబ్బుతుంది, తగ్గుతుంది, లోపల టేప్ ముక్కలు అంటించి, తీసి సర్దుకోవచ్చు. తీసి మార్చుకునే బొటనవేలి గొట్టం అమర్చుకుంటే ఒకే గొట్టం మూడు బంతుల్లోనూ పనిచేస్తుంది, బంతి మారినా చేతికి పట్టు మారదు.

కోర్ దిక్కు చెప్పే ఆ మొదటి చుక్క పాత్ర ఇక్కడ వస్తుంది. మీరు విసిరిన బంతి మీద నూనె ఉంగరాలు పడతాయి, ఒక్కో చుట్టుకూ కొత్త ఉంగరం. మొదటి ఉంగరాన్ని బట్టి మీ బంతి ఏ అక్షం మీద తిరుగుతోందో డ్రిల్లర్ కనిపెడతాడు. ఆ అక్షానికి చుక్కను మూడు అంగుళాల మీద మూడు ఎనిమిదో వంతుల దూరంలో పెడితే ఉంగరాలు బాగా విచ్చుకుంటాయి, ప్రతి చుట్టులో పొడి చర్మం చెక్కకు తగిలి పట్టు పెరుగుతుంది. దగ్గరికో దూరానికో జరిపితే తగ్గుతుంది. అంటే ఒకే మోడల్ రెండు బంతులను రెండు రకాలుగా తొలవొచ్చు. గతంలో లెక్క తప్పితే పక్కన ఇంకో రంధ్రం తొలిచి బరువు సరిదిద్దేవాళ్లు. వేలు పెట్టని రంధ్రం ఉండకూడదని యూఎస్‌బీసీ 2020 ఆగస్టు 1 నుంచి నియమం పెట్టింది. ఇప్పుడు మొదటి కొలతే సరిగ్గా ఉండాలి. డ్రిల్లర్ల మీద భారం పెరిగింది, నాకైతే వాళ్ల మీద గౌరవమూ పెరిగింది.

కొత్త బంతి కొనే బదులు చేయదగిన ఇంకో పని, గరుకు మార్చడం. తిరిగే పీట మీద బంతిని పెట్టి తడి ఇసుక బిళ్లతో రాస్తే, 1000 నంబరు గరుకుతో ముందే పట్టుకుంటుంది, 4000తో మరింత జారి చివర తిరుగుతుంది. అదే బంతి, అదే రంధ్రాలు. పోటీ మొదలయ్యాక ఇలా చేయకూడదు, ముందురోజు చేసుకోవచ్చు. ప్రతి వేటు తర్వాత గుడ్డతో నూనె తుడవడం, యాభై అరవై ఆటలకోసారి ప్రో షాప్‌లో పీల్చుకున్న నూనె తీయించి పైపొర మళ్లీ రాయించడం చేస్తే రియాక్టివ్ బంతి చాలా కాలం వస్తుంది. ఇంట్లో ఓవెన్‌లో పెట్టి నూనె కార్పించే ప్రయోగాలు వద్దు. కారు డిక్కీలో వదిలేయడమూ వద్దు. టెక్సస్ ఎండైనా, మన మే నెల ఎండైనా చర్మం ఒకలా, కోర్ ఒకలా వ్యాకోచించి చీలిక వస్తుంది.

ఇండియాకు తెచ్చుకునే వాళ్ల బాధ వేరు. 15 పౌండ్ల బంతి 6.8 కిలోలు, 23 కిలోల పెట్టెలో రెండు పెడితే సగానికి పైగా నిండింది. పచ్చళ్లు అటు, బంతులు ఇటు. తేవడం ఒక ఎత్తు, తొలిపించడం ఇంకో ఎత్తు. చెయ్యి కొల్లాపూర్‌లో, బంతి డల్లాస్‌లో ఉంటే కొలత కుదరదు. వెళ్లినప్పుడు స్వయంగా తొలిపించుకుని రావాలి, లేదా జాతీయ పోటీలు జరిగే బెంగళూరు చర్చ్ స్ట్రీట్ అమీబా లాంటి చోట ఆడేవాళ్లను అడిగి డ్రిల్లర్‌ను పట్టుకోవాలి.

పాత బంతులు కొనడంలో నాకు ఏ అభ్యంతరమూ లేదు. లీగుల్లో ఏడాదికి రెండు మూడు మార్చే వాళ్లుంటారు, వాళ్లు వదిలేసిన నడిమి రకం బంతికి రంధ్రాలు పూడ్చి మళ్లీ తొలిస్తే కొత్తదాని పక్కన పెట్టవచ్చు. కొత్త మోడల్ వచ్చాక కేటలాగ్‌లోంచి పోయిన బంతులూ అలాగే, ధర దిగుతుంది కానీ తిరుగుడు దిగదు. పూడ్చడానికి, తొలవడానికి అయ్యే కూలీని ముందే కలుపుకుని బేరం ఆడండి, లేకపోతే చౌక బంతి కొత్తదాని ధరకు చేరుతుంది. డబ్బు ఇచ్చే ముందు బొటనవేలి రంధ్రం చుట్టూ, రెండు వేళ్ల రంధ్రాల నడుమ గోరుతో తడిమి చూడండి. వెంట్రుకంత గీత తగిలినా తీసుకోవద్దు.