చిన్న ఇంజనుకు తగిన ప్రొపెల్లర్

మోడల్ విమానాల ప్రొపెల్లర్ మీద 10×6, 11×5 వంటి అంకెలు ఉంటాయి. మొదటిది వ్యాసం, రెండోది పిచ్, రెండూ అంగుళాల్లోనే. స్క్రూను ఒక్క చుట్టు తిప్పితే చెక్కలోకి కొంత దిగుతుంది. అలాగే ప్రొపెల్లర్ ఏమాత్రం జారకుండా ఒక్క చుట్టులో ముందుకు సాగగల దూరమే పిచ్. గాలి చెక్కలా గట్టిది కాదు కనుక నిజంగా సాగే దూరం సాధారణంగా అంతకంటే తక్కువే.

ప్రొపెల్లర్ అంటే గుండ్రంగా తిరిగే విమానపు రెక్కేనని రైట్ సోదరులు గ్రహించి, 1903 నాటి తమ విమానానికి ఆ లెక్కతోనే ప్రొపెల్లర్లు చెక్కారు. బ్లేడు కొన వేగంగా, మొదలు నెమ్మదిగా కదులుతాయి. అందుకే మొదలు దగ్గర వాలు ఎక్కువగా, కొనకు పోయేకొద్దీ తక్కువగా ఉండేలా బ్లేడును మెలితిప్పుతారు.

వ్యాసం పెద్దదై పిచ్ తగ్గితే ఫస్ట్ గేరు వేసినట్టు: ఈడ్పు ఎక్కువ, వేగం తక్కువ. నెమ్మదిగా ఎగిరే విమానాలకూ, నిట్టనిలువుగా లేచే విన్యాసాలకూ ఇది తగినది. వ్యాసం తగ్గి పిచ్ పెరిగితే టాప్ గేరు వేసినట్టు: పైన వేగం అందుతుంది, బయలుదేరేటప్పుడు ఈడ్పు చాలదు. పందెపు విమానాలకు అదే కావాలి.

సుమారు 6.5 సీసీ టూస్ట్రోక్ గ్లో ఇంజనుకు 10×6తో, 7.5 సీసీకి 11×6తో, 10 సీసీకి 12×6తో మొదలుపెట్టడం వాడుక. వ్యాసం అంగుళం పెంచితే పిచ్ సుమారు అంగుళం తగ్గించాలి. ఇంజన్ మీద భారం ఎక్కువైతే అది వేడెక్కుతుంది. మరీ తక్కువైతే హద్దు మీరి తిరిగి అరిగిపోతుంది.

10×6 ప్రొపెల్లర్ నిమిషానికి 12,000 చుట్లు తిరిగితే పిచ్ లెక్కన వేగం గంటకు సుమారు 110 కిలోమీటర్లు. విమానం గాలిలో వేగం అందుకున్నాక భారం తగ్గి ఇంజన్ ఇంకా జోరుగా తిరుగుతుంది. కనుక నేలమీద టాకోమీటర్ ఎక్కువ చుట్లు చూపించినంత మాత్రాన ఆ ప్రొపెల్లర్ మేలైనదని కాదు. విమానాన్ని ఎగరేసి చూశాకే తేల్చాలి.

చెక్క ప్రొపెల్లర్ తేలిక; నేలకు తగిలితే తాను విరిగి చాలాసార్లు ఇంజన్ షాఫ్టును కాపాడుతుంది. గాజుపోగులు కలిపిన నైలాన్‌ది గట్టిది, ఎక్కువకాలం మన్నుతుంది. ఏదైనా బిగించే ముందు బ్యాలెన్సర్ మీద తూచాలి. ఒక బ్లేడు కిందికి వాలితే దాన్ని సాండ్‌పేపర్‌తో కొద్దిగా అరగదీయాలి, లేదా తేలిక బ్లేడుకు వార్నిష్ పూయాలి. లేకపోతే అదురు పుట్టి ఇంజనూ, విమానమూ పాడవుతాయి.

అంకెలున్న వైపు విమానం ముందుకు ఉండేలా బిగించాలి. పగులు కనిపించిన ప్రొపెల్లర్‌ను అతికించి వాడకూడదు, పారేయాలి. తిరుగుతున్న ప్రొపెల్లర్ కంటికి ఆనదు, వేలిని మాత్రం తెగ్గొట్టగలదు. ఇంజన్ స్టార్ట్ కాగానే మనం విమానం వెనక్కి వచ్చి, అక్కడి నుంచే ఇంధనాన్ని అదుపుచేసే నీడిల్ వాల్వును సవరించాలి.