వేరుశనగ పువ్వు దగ్గర చేతిపని

వేరుశనగ పువ్వు తెల్లవారకముందే తన పని చక్కబెట్టుకుంటుంది. రెక్కలు విప్పే వేళకే లోపలి పుప్పొడి కీలాగ్రాన్ని చేరిపోతుంది. అందుకే రెండు రకాలను కలపదలచిన బ్రీడర్ ముందురోజు సాయంత్రమే మొగ్గ దగ్గర కూర్చోవాలి.

ఆ పని చూసి తీరాల్సిందే. మొగ్గను రెండు వేళ్ల మధ్య పట్టి, పట్టకారుతో రెక్కలు వంచి, కేసరాలను ఒక్కొక్కటిగా లాగేస్తారు. పది కేసరాల్లో సాధారణంగా ఎనిమిదింటికే పుప్పొడి ఉంటుంది. వాటిలో ఒక్కటి మిగిలినా ఆ సంకరాన్ని నమ్మలేం. పువ్వుకు కాడలా కనిపించేది అసలు కాడే కాదు, సన్నటి గొట్టం. కీలం దాని లోపలినుంచి దిగి ఆకు మొదట్లో దాగిన అండాశయాన్ని కలుస్తుంది. చేయి కాస్త బిగిసి గొట్టం విరిగితే ఇక ఆ పువ్వు మీద ఆశ లేదు. తెల్లారగానే తండ్రి మొక్క పువ్వు తెచ్చి, పుప్పొడి పిండి అద్ది, ఆ కణుపుకు రంగు దారం కడతారు. కొన్నాళ్లకు అక్కడినుంచి ఊడ దిగితే పని పండినట్టు. ఇంతా చేస్తే దక్కేది ఒకటి రెండు గింజల కాయ.

ఇంత శ్రమ ఎందుకంటే, ఈ పంట జన్యుసంపద చాలా ఇరుకు. దక్షిణ అమెరికాలో రెండు అడవి జాతులు కలిసి పుట్టిన మొక్క ఇది. వాటికి 20 చొప్పున క్రోమోజోములు, దీనికి 40. ఆ తేడాతో అడవి చుట్టాలకు దూరమైపోయింది. తుప్పు తెగులు, తిక్క ఆకుమచ్చ తెగులు విరుచుకుపడితే తట్టుకునే సత్తువ సాగు రకాల్లో చాలినంత లేదు.

ఆ సత్తువ బొలీవియా అడవి జాతి అరాకిస్ కార్డినాసిలో దొరికింది. అమెరికాలోని నార్త్ కరోలినాలో దాన్ని సాగు వేరుశనగతో కలిపితే 30 క్రోమోజోముల గొడ్డు మొక్క వచ్చింది. కాల్చిసిన్ మందుతో ఆ సంఖ్యను 60 చేసి కాపు రప్పించారు. తరాల తరబడి ఎంపికతో మళ్లీ 40కి దించారు. నాకు అన్నిటికన్నా గొప్పగా తోచేది ఈ దించడమే. అడవి మొక్కతో పాటు చిన్న కాయ, నేలలోనే తెగిపోయే ఊడ కూడా వస్తాయి. రోగనిరోధకత చేజారకుండా వాటిని వదిలించుకోవడం బియ్యంలో మట్టిగడ్డలు ఏరడం లాంటిది. తొందరపడితే గింజలూ పోతాయి.

ఆ సంతతి పటాన్‌చెరులోని పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్‌కు వచ్చింది. అందులోంచి వచ్చిన ఐసీజీవీ 86855 వంగడాన్ని ధార్వాడ శాస్త్రవేత్తలు కేఆర్‌జీ 1 రకంతో కలిపి జీపీబీడీ 4 తీశారు. తుప్పునూ ఆకుమచ్చనూ తట్టుకునే రకమది. దానిలోని తుప్పు నిరోధక భాగాన్ని డీఎన్‌ఏ గుర్తుల సాయంతో ఇక్రిశాట్‌లో ఐసీజీవీ 91114, జేఎల్ 24, టీఏజీ 24లలోకి ఎక్కించారు. తెగులు సోకేదాకా ఆగక్కర్లేదు. లేత ఆకు ముక్క చాలు, ఏ మొక్క ఉంచాలో ఏది తీసేయాలో తెలిసిపోతుంది. ఐసీజీవీ 91114 అనంతపురం రైతులకు తెలిసిన రకమే, బెట్టను తట్టుకుంటుంది.

అయినా ఆ జిల్లా చేలల్లో 1940లో విడుదలైన టీఎంవీ 2 దశాబ్దాల పాటు కదల్లేదు. వేరుశనగ విత్తనం ఎకరాకు కిలోల లెక్కన బోలెడు కావాలి, పంటలో పది రెట్లు పెరగడమే కష్టం. పట్టకారు దగ్గర చూపిన ఓపికను విత్తనోత్పత్తిలోనూ చూపితేనే ఆ కొత్త గింజ రైతు గొర్రుదాకా వస్తుంది.